బర్డ్ 'ఆవే వేరుమ్ కోర్పుస్': స్వరాలు కుదిరినా వేదన పలకట్లేదు

ఆల్టో వరస:
క్వైర్‌లో 12 మందిమి, పార్టుకి ముగ్గురం. ఇంగ్లండు స్వరకర్త విలియం బర్డ్ రాసిన ఈ నాలుగు గొంతుల మోటెట్ (లాటిన్ భక్తి గీతం) నోట్స్ వచ్చేశాయి, కానీ పాడితే చప్పగా ఉంది. 'వేరుమ్' దగ్గర ఎవరో తప్పు పాడినట్టు వినిపిస్తోంది. 'మిసెరెరే' (కరుణించు) దగ్గరికొచ్చేసరికి శ్రుతి దాదాపు అరస్వరం దిగిపోతోంది. క్రెషెండోలు (క్రమంగా గొంతు పెంచడం) ఎక్కడెక్కడ పెట్టాలండీ?

కీబోర్డు మెట్లు:
'వేరుమ్' దగ్గర వినిపించేది తప్పు కాదండీ, పాటకి ప్రాణం అదే. సొప్రానో (అన్నిటికన్నా పై గొంతు) ఎఫ్ షార్ప్ పాడిన వెంటనే బేస్ (అడుగు గొంతు) అరస్వరం తక్కువైన ఎఫ్ నాచురల్ అందుకుంటుంది. జి షడ్జమం అనుకోండి: కాకలి నిషాదం ఇంకా చెవిలో ఉండగానే కింద కైశికి నిషాదం పడుతుంది. తప్పేమోనని జంకి బేస్ వాళ్లు దాన్ని కాస్త పైకి జరిపితే ఆ గుచ్చుకోవడం పోయి బురదవుతుంది. సొప్రానో, బేస్ ఇద్దరినే నిలబెట్టి, మాటలు వదిలేసి 'నూ' మీద ఒక్కో స్వరం నాలుగు లెక్కలు పట్టించండి. బేస్ వాళ్లు తమ ముందు స్వరం నుంచే ఎఫ్ పట్టుకోవాలి, సొప్రానోని విని వెతుక్కోకూడదు. గమకం, జారుడు అస్సలు వద్దు. కర్ణాటక సంగీతం అలవాటున్న గొంతులు ఇక్కడ తెలియకుండానే జారతాయి.

టెనార్ బెంచీ:
శ్రుతి దిగడానికి కారణం కిందికొచ్చే అడుగులు. ప్రతి అడుగూ వెంట్రుకవాసి ఎక్కువ దిగితే నాలుగు పంక్తులకి అరస్వరం పోతుంది. దిగే అడుగులు చిన్నవిగా, ఎక్కే అడుగులు పెద్దవిగా ఊహించుకుని పాడించండి. 'మిసెరెరే'కి ముందొచ్చే 'ఓ దుల్చిస్' అనే పంక్తి ముందు ఆపి పిచ్ పైపుతో (శ్రుతి ఇచ్చే చిన్న ఊదుడు పరికరం) సరిచూడండి. అక్కడికే దిగి ఉంటే తప్పు 'మిసెరెరే'ది కాదు. ముగ్గురూ ఒకేచోట ఊపిరి తీసుకోవద్దు.

'మిసెరెరే మెయి'లో బరువు మూడో అక్షరం 'రె' మీద. గొంతులు ఒకదాని వెనక ఒకటి వస్తాయి కాబట్టి, కొత్తగా వచ్చే గొంతుకి మిగతావాళ్లు తగ్గి దారివ్వాలి. సస్పెన్షన్ (మిగతా గొంతులు మారినా ఒక గొంతు పాత స్వరాన్నే పట్టుకుని ఒరుసుకోవడం) ఉన్నచోట ఒరుసుకునే స్వరం మీద ఆని, అది విడిపోయే స్వరాన్ని తేలిగ్గా వదలండి. చాలా క్వైర్లు దీన్ని తలకిందులుగా చేస్తాయి. చప్పదనం అక్కడే పుడుతుంది.

పాత ముద్రణలు:
క్రెషెండోల సంగతి. ఈ పాట అచ్చయిన బర్డ్ సంపుటి 'గ్రాడువాలియా' 1605 నాటి ముద్రణలో గట్టిగా, మెల్లగా అనే గుర్తులే లేవు. మీ ప్రతిలో ఉన్నవి ఎడిటర్ పెట్టినవి, కొట్టేసినా నష్టం లేదు. అప్పట్లో ఇంగ్లండులో క్యాథలిక్ ఆరాధన నిషిద్ధం. ఇలాంటివి పెద్దిళ్లలో గుట్టుగా, కొద్ది గొంతులతో పాడుకునేవారు. 'వేరుమ్' అంటే 'నిజమైన'. ఆరాధనలో పంచే అప్పంలో (రొట్టెలో) ఉన్నది క్రీస్తు నిజ శరీరమేనా అన్నదే ఆనాటి తగువు. సరిగ్గా ఆ మాట మీదే ఒరిపిడి పెట్టడం యాదృచ్ఛికం కాదని నా నమ్మకం.

'ఓ దుల్చిస్' నుంచి 'మెయి' దాకా మొత్తం రెండుసార్లు వస్తుంది. రెండోసారి పెంచాలనిపిస్తుంది, పెంచకండి. పార్టుకి ఒక్కరితో పాడించి చూడండి. 'ఆమెన్'కి అందరూ కలవొచ్చు. ఆఖరి కార్డు (కలిసి పలికే స్వరాల గుంపు) మేజర్, అందులో మూడో స్వరం పాడేవాళ్లు కీబోర్డు శ్రుతి కన్నా పిసరంత కిందే ఉంచాలి, గట్టిగా నొక్కకూడదు.