చలికి గ్రౌండ్ గడ్డి గోధుమరంగుకు తిరిగింది, సంక్రాంతి టోర్నమెంట్ లోపు ఏం చేయాలి?

నల్లరేగడి11:
మాది ఆదిలాబాద్ జిల్లాలో ఒక పల్లె. ఊరి గ్రౌండ్‌లో నల్లరేగడి మట్టితోనే పిచ్ వేసుకున్నాం, చుట్టూ అంతా గరిక. వానాకాలంలో చూడముచ్చటగా ఉండేది. డిసెంబరు వచ్చిందో లేదో పచ్చదనం పోవడం మొదలైంది, ఇప్పుడు అవుట్‌ఫీల్డ్ సగానికి పైగా గోధుమరంగే. సంక్రాంతికి లెదర్ బాల్ క్రికెట్ టోర్నమెంట్ పెట్టాం, చుట్టుపక్కల ఊళ్ల టీములు వస్తున్నాయి, చేతిలో మూడు వారాలే ఉన్నాయి. యూరియా చల్లమని కొందరు, రోజూ సాయంత్రం బోరు వదలమని కొందరు. పొద్దున తొమ్మిదైనా మంచు ఆరట్లేదు. పిచ్ చూస్తే పైన చెమ్మ, అంచుల్లో నెర్రెలు. గ్రౌండ్ చూసుకోవడానికి మనిషంటూ లేడు, మేమే చూసుకుంటాం. తెలిసినవాళ్లు చెప్పండన్నా, టెన్షన్‌గా ఉంది.

బౌండరీ_లైన్:
ఒక బస్తా యూరియా చల్లి నీళ్లు పెట్టు తమ్ముడూ, వారంలో పచ్చబడుతుంది. మా దగ్గర అదే చేస్తాం.

పాతరోలర్:
మీ దగ్గర అంటే ఎక్కడ అన్నా? కోస్తాలో అయితే పని చేస్తుందేమో, అక్కడ రాత్రి చలి అంత ఉండదు. ఆదిలాబాద్‌లో ఈ నెలలో రాత్రిపూట పది డిగ్రీల కిందికి పడిపోతుంది. గరిక ఎండలకు పెరిగే గడ్డి, చలికి పెరుగుదల ఆపేసి పడుకుంటుంది. ఆ టైంలో ఎరువు వేస్తే అది తీసుకునేది తక్కువ, నీళ్లతో పాటు కిందికి పోయేదే ఎక్కువ. కొద్దోగొప్పో చిగురు వచ్చినా లేతగా ఉండి తెగులుకు దొరుకుతుంది. యాసంగి నారుమడి చలికి ఎర్రబడితే రైతులు రాత్రిపూట పట్టా కప్పుతారు కదా, అక్కడ కొరత ఎరువుది కాదు, వెచ్చదనానిది. ఇక్కడా అంతే.

తమ్ముడూ, ముందు గడ్డి బతికుందో లేదో చూసుకో. నేల మీద పాకే కాడ ఒకటి పీకి గణుపు దగ్గర గోటితో గీకు. లోపల తెల్లగానో లేతపచ్చగానో గట్టిగా ఉంటే బతికున్నట్టే, ఫిబ్రవరి చివర్లో ఎండ ముదిరితే దానంతటదే లేస్తుంది. లోపల కూడా ఎండుగడ్డిలా పెళుసుగా ఉంటే అక్కడ పోయినట్టు, ఆ చోట్లు గుర్తు పెట్టుకుని వేసవి మొదట్లో కాడలు నాటండి.

సాయంత్రం నీళ్లు మాత్రం వద్దే వద్దు. మంచుకు ఆకు ఎలాగూ రాత్రంతా తడిగా ఉంటుంది, దానికి నీళ్లు తోడైతే బూజు తెగులుకు దారి ఇచ్చినట్టే. నేల బాగా ఎండితేనే, మంచు ఆరాక పది పదకొండు గంటలకు, వారానికోసారి పెట్టండి, చాలు. మ్యాచ్ రోజు పొద్దున ఇద్దరు ఒక పొడుగాటి తాడు చెరో కొస పట్టుకుని అవుట్‌ఫీల్డ్ అంతా ఈడ్చండి, మంచు రాలిపోయి ఎండకు తొందరగా ఆరుతుంది. గడ్డిని అంగుళంన్నర కంటే తక్కువకు కోయొద్దు. అన్నిటికంటే ముఖ్యం తొక్కుడు తగ్గించడం. ఇప్పుడు అరిగిన చోటు ఎండలు వచ్చేదాకా పూడదు. రోజువారీ ప్రాక్టీస్ గ్రౌండ్ బయటికి మార్చండి, చలిమంటలు గడ్డి మీద వేయనివ్వొద్దు, మీటింగులకు టెంటు గుంజలు పాతడానికి స్క్వేర్, అంటే పిచ్ ఉన్న మధ్య చోటు, ఇవ్వొద్దు. ఊళ్లో ఈ మాట చెప్పడం కష్టమే, అయినా చెప్పాల్సిందే.

నల్లరేగడి11:
గీకి చూశానన్నా, చాలా చోట్ల తెల్లగానే ఉంది, ప్రాణం లేచొచ్చింది. ఫుట్‌బాల్ గోల్‌పోస్టుల మధ్య మాత్రం పోయింది. మరి పిచ్ సంగతి? రాతి రోలర్ ఉంది. నెర్రెల్లో ఇసుక పోద్దామంటున్నారు.

పాతరోలర్:
ఇసుక వద్దు, ఎర్రమట్టి కూడా వద్దు. రేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది, ఇసుక దానితో పాటు కదలదు, బాల్ పడ్డప్పుడల్లా అక్కడే లేచిపోతుంది. పిచ్‌కు వాడిన మట్టినే దంచి, జల్లించి, ఆ పొడి నెర్రెల్లో కూరి కొంచెం తడపండి.

చలికాలంలో పిచ్ ఆరడానికి ఎక్కువ టైం పడుతుంది. ఎండ తక్కువ, పైగా గడ్డి పడుకుని ఉంది కాబట్టి వేర్లు కింది తడిని లాగవు. అందుకే మ్యాచ్‌కు పది పన్నెండు రోజుల ముందే బాగా తడిపేసి, ఆ తర్వాత నీళ్లు ఆపేయండి. బొటనవేలితో నొక్కి చూడు. మట్టి వేలికి అంటుకుంటే రోలర్ ఎక్కించొద్దు, అంటకుండా అచ్చు పడితే అదే సరైన టైం. రోజూ పదకొండు తర్వాత కొద్దికొద్దిగా నెమ్మదిగా తిప్పండి, ఒక్కరోజే గంటలకొద్దీ తిప్పితే పైపొర గట్టిపడి కింద మెత్తగా ఉండిపోతుంది, బౌన్స్ ఎక్కడికక్కడ మారిపోతుంది. రాత్రికి పట్టా కప్పండి, పొద్దున మంచు ఆరాక తీసేయండి, ఎండలో అలాగే ఉంచితే కింద చెమటపట్టి మళ్లీ తడి అవుతుంది.

బౌండరీ_లైన్:
మాది కాకినాడ దగ్గర అన్నా, అందుకే చెప్పా. మరి వీళ్లు యూరియా ఎప్పుడు వేయాలి?

పాతరోలర్:
కొత్త చిగురు కనబడ్డాక, వంద చదరపు మీటర్లకు కిలో చొప్పున వేసి వెంటనే నీళ్లు పెట్టాలి. పిచ్ మధ్య నుంచి 55 మీటర్ల బౌండరీ అయితే 45 కిలోల బస్తాలు సుమారు రెండు పడతాయి.