ఎస్‌జీపీటీ నార్మల్‌గా ఉంటే ఫ్యాటీ లివర్ లేనట్టేనా?

ప్రశ్న: నా వయసు 46 సంవత్సరాలు. కొన్నేళ్లుగా షుగర్‌కు మందులు వాడుతున్నాను, మద్యం అలవాటు లేదు. ఈమధ్య పరీక్షల్లో కాలేయ ఎంజైములు ఎస్‌జీఓటీ 38, ఎస్‌జీపీటీ 36, జీజీటీ 45, ట్రైగ్లిజరైడ్లు 210, ప్లేట్‌లెట్లు 2.4 లక్షలు వచ్చాయి. బీఎంఐ 25, నడుము చుట్టుకొలత 38 అంగుళాలు. స్కానింగ్ లేకుండా ఈ అంకెలతోనే ఫ్యాటీ లివర్‌ను పసిగట్టవచ్చా?

జవాబు (జనరల్ ఫిజీషియన్): ఎస్‌జీపీటీ హద్దుల్లో ఉన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండలేము, ఎందుకంటే కాలేయంలో కొవ్వు చేరినవారిలో చాలామందికి ఈ ఎంజైములు మామూలుగానే ఉంటాయి. మీరు అడిగినది నిజానికి రెండు ప్రశ్నలు: కొవ్వు ఉందా, దానివల్ల కాలేయం గట్టిపడుతోందా అని.

మొదటిదానికి 2006లో ఇటలీ పరిశోధకులు రూపొందించిన ఫ్యాటీ లివర్ ఇండెక్స్ ఉంది. ట్రైగ్లిజరైడ్లు, జీజీటీ, బీఎంఐ, నడుము కొలతలతో లెక్కిస్తే మీకు సుమారు 66 వస్తుంది. 30 కన్నా తక్కువైతే కొవ్వు ఉండే అవకాశం తక్కువ, 60 దాటితే ఎక్కువ. అయితే మనవారికి తక్కువ బరువులోనే పొట్ట దగ్గర కొవ్వు పేరుకుంటుంది కనుక, ఈ ఇండెక్స్ తక్కువగా వచ్చినవారు కూడా పూర్తిగా ధీమా పడకూడదని నా అభిప్రాయం.

రెండోదానికి ఫిబ్-4 అనే స్కోరు వాడతాము. వయసును ఎస్‌జీఓటీతో గుణించి, ఆ మొత్తాన్ని ప్లేట్‌లెట్ల సంఖ్య, ఎస్‌జీపీటీ వర్గమూలాల లబ్ధంతో భాగించాలి. మీకు 1.21 వస్తుంది. 1.3 లోపు ఉంటే కాలేయం బాగా గట్టిపడి ఉండే అవకాశం తక్కువ. ఇది కొవ్వును కొలవదు. కొవ్వు లేదని చెప్పడానికి దీన్ని చూపించకూడదు.

జవాబు (ల్యాబ్ టెక్నీషియన్): వర్గమూలం ఎస్‌జీపీటీకి మాత్రమే, ప్లేట్‌లెట్లకు కాదు, పై వాక్యం చదివి ఎవరైనా పొరబడవచ్చు. మన రిపోర్టుల్లో ప్లేట్‌లెట్లు లక్షల్లో ఉంటాయి, సూత్రంలో మాత్రం 2.4 లక్షలకు బదులు 240 అని వేయాలి. డెంగీ వచ్చి తగ్గిన రోజుల్లో ఈ లెక్క అసలు చేయవద్దు: ప్లేట్‌లెట్లు పడిపోయి, ఎస్‌జీఓటీ పెరిగి, ఆరోగ్యవంతుడికి కూడా స్కోరు భయపెట్టేలా వస్తుంది.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండీ. 1.21 అంటే హద్దుకు దగ్గరే కదా, ఇప్పుడే ఫైబ్రోస్కాన్ (కాలేయం ఎంత గట్టిపడిందో కొలిచే స్కాన్) చేయించుకోవాలా?

జవాబు (జనరల్ ఫిజీషియన్): తొందర లేదు, కానీ షుగర్ ఉన్నవారిలో ఫిబ్-4 కొందరిని వదిలేస్తుంది కనుక మీ డాక్టరు గారితో ఒకసారి చర్చించండి. మామూలుగా అయితే ఏడాది, రెండేళ్లకోసారి తిరిగి లెక్కించి, 1.3 దాటినప్పుడు ఫైబ్రోస్కాన్‌కు వెళ్తాము. 65 ఏళ్లు దాటినవారికి ఆ హద్దు 2.0, 35 ఏళ్ల లోపువారికి ఈ స్కోరు అంత నమ్మదగినది కాదు. కొవ్వు సంగతి తేల్చుకోవడానికి మాత్రం మామూలు అల్ట్రాసౌండ్ ఇప్పుడే చేయించుకోవచ్చు.