సాసేజ్ పాస్తా సూప్: మర్నాటికి ముద్దయిపోతోంది, ఏం చెయ్యాలి?

ఎడిసన్_వంట
ఇటాలియన్ సాసేజ్ (సోంపు వేసిన పోర్క్ సాసేజ్), టమాటా, తెల్ల బీన్స్, చిన్న పాస్తా వేసి చేసే సూప్ గురించి అడుగుతున్నాను. ఆరుగురికి కొలత ఇది: సాసేజ్ 1 పౌండు, డిటలీని (పొట్టి గొట్టాల్లాంటి చిన్న పాస్తా) 2 కప్పులు, చికెన్ బ్రాత్ (చికెన్ ఉడికించి వడకట్టిన రసం) 6 కప్పులు, 28 ఔన్సుల టమాటా డబ్బా ఒకటి. రెండు చోట్ల తేడా కొడుతోంది. సాసేజ్ ఎర్రగా వేగకుండా బూడిద రంగులో ఉడికిపోతోంది. మర్నాడు ఫ్రిజ్‌లోంచి తీస్తే పులుసంతా పాస్తా తాగేసి ముద్ద మిగులుతోంది. నీళ్లు కలిపితే చప్పబడుతోంది.

సన్నసెగ
పాస్తా సంగతి ముందు. మీ కొలతకి 2 కప్పులు చాలా ఎక్కువ. 1 కప్పు, అంటే సుమారు 120 గ్రాములు చాలు. ఎండు పాస్తా ఉడికేసరికి రెట్టింపు బరువు తూగుతుంది, పులుసులో నానుతూ కూర్చుంటే ఇంకా పీలుస్తుంది. సెగ ఆపినంత మాత్రాన పీల్చడం ఆగదు. అందుకే విడిగా ఉడికించండి. ఉప్పేసిన ఎసరు తెర్లుతుండగా పాస్తా వేసి, పొట్లం మీద రాసిన టైముకి 2 నిమిషాల ముందే, లోపల పలుకు ఉండగానే వార్చెయ్యండి. ఒక చెంచా ఆలివ్ నూనె కలిపి పక్కన పెట్టండి. తినేటప్పుడు ఎవరి గిన్నెలో వాళ్లకి పాస్తా వేసి, పైన మరిగే సూప్ పొయ్యాలి. ఫ్రిజ్‌లో కూడా రెండూ వేర్వేరు డబ్బాల్లోనే ఉండాలి.

ఇక సాసేజ్. బూడిద రంగు వస్తోందంటే గిన్నెలో తడి ఉందని అర్థం. చల్లటి మాంసాన్ని ఇరుకు గిన్నెలో వేసి వెంటనే గరిటెతో కెలికితే నీరు ఊరుతుంది. ఆ నీరు ఇగిరేదాకా మాంసం వేగదు, ఉడుకుతుంది. పైతోలు ఒలిచి, అడుగు మందంగా, వెడల్పుగా ఉన్న గిన్నెలో 1 టేబుల్‌స్పూను నూనె బాగా కాగాక, సాసేజ్‌ని అట్టులా పలచగా అద్దండి. 4, 5 నిమిషాలు ముట్టుకోవద్దు. అడుగు ముదురు గోధుమరంగుకి తిరిగాక తిప్పి, అప్పుడు ముక్కలు చెయ్యండి. గిన్నె చిన్నదైతే రెండు విడతలుగా వేయించండి. ఈ సూప్ రుచిలో సగం ఆ 5 నిమిషాల్లోనే వస్తుంది. ఇక్కడ తొందరపడితే తర్వాత ఎన్ని వేసినా పూడదు.

ఉప్పు_చూడు
సన్నసెగ గారు చెప్పినదానికి కొనసాగింపు. వేగిన సాసేజ్ తీసి పక్కన పెట్టాక కొవ్వు 2 టేబుల్‌స్పూన్లు ఉంచి మిగతాది వంపెయ్యండి. అందులో పెద్ద ఉల్లిపాయ 1, క్యారెట్లు 2, సెలరీ కాడలు 2, అన్నీ పాస్తా గింజంత సన్నగా తరిగి, మీడియం సెగ మీద 8 నిమిషాలు మగ్గించాలి. వెల్లుల్లి 4 రెబ్బలు, మిరప పలుకులు అర టీస్పూను వేసి అర నిమిషం. తర్వాత టమాటా పేస్టు 2 టేబుల్‌స్పూన్లు వేసి ఇటుక రంగు వచ్చేదాకా, అంటే 2 నిమిషాలు వేయించండి. పచ్చి పేస్టు నేరుగా పులుసులో కలిపితే డబ్బా వాసన వదలదు.

అరకప్పు బ్రాత్ పోసి అడుగున అంటిన గోధుమరంగు పొరని చెక్క గరిటెతో గీకండి. అది కరిగి పులుసులో కలవాలి. కానీ ఆ పొర నల్లబడిందంటే మాడిందన్నమాట. అప్పుడు గీకకండి, కూరలన్నీ వేరే గిన్నెలోకి మార్చెయ్యండి, లేకపోతే సూపంతా చేదెక్కుతుంది.

మిగిలిన బ్రాత్, టమాటా, బిర్యానీ ఆకు ఒకటి, సాసేజ్ వేసి సన్న సెగ మీద 20 నుంచి 25 నిమిషాలు ఉంచాలి. పార్మెజాన్ చీజ్ గట్టి అంచు ముక్క ఉంటే ఇప్పుడే వేసి చివర్లో తీసెయ్యండి. డబ్బా బీన్స్ కడిగి ఆఖరి 10 నిమిషాల్లో వెయ్యాలి. కేల్ ఆకు కూడా అప్పుడే. పాలకూరైతే సెగ ఆపాక వేసినా చాలు. ఉప్పు మాత్రం చివర్లోనే. సాసేజ్, బ్రాత్, డబ్బా బీన్స్, చీజ్, నాలుగింటిలోనూ ఉప్పుంది. బ్రాత్ ఉప్పు తక్కువ రకం కొనండి.

ప్లేనో_గిన్నె
పాస్తా విడిగా ఉడికించాలన్న మాటతో పూర్తిగా ఏకీభవించను. సూప్‌లోనే ఉడికితే పాస్తా గంజి పులుసులో కలిసి చిక్కదనం వస్తుంది, పాస్తాకీ లోపలిదాకా రుచి పడుతుంది. ఇటలీలో దీనికి మూలమైన పాస్తా, బీన్స్ సూప్ చిక్కగానే ఉంటుంది. ఆ పూటే మొత్తం తినేస్తారనుకుంటే అందులోనే వెయ్యండి, ఒకటిన్నర కప్పు బ్రాత్ అదనంగా పోసుకోండి. సన్న సెగ కాబట్టి పొట్లం మీది టైము కన్నా 2, 3 నిమిషాలు ఎక్కువ పడుతుంది. అడుగంటకుండా కలుపుతూ ఉండాలి.

సన్నసెగ
ఆ పూటకే అయితే ఒప్పుకుంటాను. మిగిలే అవకాశం ఉంటే మాత్రం వద్దు. చిక్కదనం కావాలంటే ఇంకో దారి ఉంది: డబ్బా బీన్స్‌లో సగం మెత్తగా మెదిపి పులుసులో కలపండి. పాస్తా ఉడికిన గంజి అరకప్పు పోసినా పనిచేస్తుంది.

మాదాపూర్_పొయ్యి
హైదరాబాద్‌లో ఫ్రీజర్‌లో దొరికే చికెన్ సాసేజ్‌తో ఇది కుదురుతుందా? పోర్క్ తినని ఇంటికి ఏం చెయ్యొచ్చు?

ఉప్పు_చూడు
అవి చాలావరకు ముందే ఉడికించి, మెత్తగా రుబ్బి చేసినవి. పొడిపొడిగా విడవవు, పులుసులో అరగంట మరిగితే రబ్బరులా సాగుతాయి. అవే వాడాలంటే బిళ్లలుగా కోసి, రెండు వైపులా ఎర్రగా కాల్చి, ఆఖరి 5 నిమిషాల్లో వెయ్యండి. అంతకన్నా ఇంట్లో కలుపుకోవడమే మేలు. 500 గ్రాముల కీమాకి ఉప్పు 7 లేదా 8 గ్రాములు (టీస్పూనుంబావు), దోరగా వేయించి కచ్చాపచ్చాగా దంచిన సోంపు ఒకటిన్నర టీస్పూను, మిరప పలుకులు 1 టీస్పూను, మిరియాల పొడి అర టీస్పూను, దంచిన వెల్లుల్లి 4 రెబ్బలు, వెనిగర్ 2 టీస్పూన్లు. బంకగా అయ్యేదాకా చేత్తో పిసికి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. ఉప్పు మాంసంలోని ప్రోటీన్‌ని కరిగించి పట్టు తెస్తుంది, రసం బయటికి పోదు.

ఇటాలియన్ సాసేజ్‌కి ఆ వాసన సోంపుదే. అది మానేసి గరం మసాలా వేస్తే అది కీమా సూపు, ఇది కాదు. చికెనైతే తొడ మాంసం కీమా కొట్టించండి. బ్రెస్ట్‌లో కొవ్వు ఉండదు, పిండిలా ఎండిపోతుంది. తప్పకపోతే 2 టేబుల్‌స్పూన్లు ఆలివ్ నూనె కలపండి. డిటలీని దొరకకపోతే చిన్న మాకరోని వాడుకోవచ్చు, కానీ పొట్లం మీద డ్యూరమ్ గోధుమ రవ్వ అని ఉందో లేదో చూడండి. మామూలు మైదాతో చేసినవైతే త్వరగా చితికిపోతాయి.

ప్లేనో_గిన్నె
తెల్ల బీన్స్ బదులు అలసందలు బాగా అతుకుతాయి, పైగా త్వరగా ఉడుకుతాయి. ఎండువి వాడేవాళ్లు ముందే విడిగా మెత్తగా ఉడికించుకోవాలి. టమాటా పులుపులో పడ్డాక గింజ మెత్తబడదు, గంటలు గడిచినా గట్టిగానే ఉంటుంది. రాజ్మా అయితే ఇంకో జాగ్రత్త: నానబెట్టిన నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో అరగంట తెర్లనివ్వాలి. పచ్చి రాజ్మాలో లెక్టిన్ అనే విషపదార్థం ఉంటుంది, స్లో కుక్కర్ వేడికి అది పోదు. నేరుగా అందులో వెయ్యొద్దు.

ఎడిసన్_వంట
చాలా థాంక్స్ అండీ. ఇంకో రెండు సందేహాలు. క్రీమ్ పోస్తే విరిగిపోతోంది. ఫ్రీజర్‌లో పెట్టొచ్చా?

సన్నసెగ
మీరు పోస్తున్నది పాలో, హాఫ్ అండ్ హాఫో (పాలు, క్రీమ్ సగం సగం కలిపినది) అయ్యుంటుంది. కొవ్వు తక్కువ కాబట్టి టమాటా పులుపుకి విరుగుతాయి. హెవీ క్రీమ్ (కొవ్వు ఎక్కువున్న చిక్కటి క్రీమ్) అరకప్పు తీసుకుని, ముందు అందులో ఒక గరిటె వేడి సూప్ కలిపి, సెగ ఆపాక గిన్నెలో పొయ్యండి. మళ్లీ మరిగించవద్దు.

ఫ్రీజర్‌లో క్రీమ్, పాస్తా లేకుండా పెడితే 2, 3 నెలలు బావుంటుంది. ఫ్రిజ్‌లో 3, 4 రోజులు. వండిన 2 గంటల్లోపే లోపల పెట్టాలి, పెద్ద గిన్నెతో కాకుండా లోతు తక్కువ డబ్బాల్లో సర్దితే త్వరగా చల్లారుతుంది. వేడి చేసేటప్పుడు చిక్కబడిందనిపిస్తే నీళ్లు పొయ్యకండి, బ్రాత్ పొయ్యండి. దించాక అర నిమ్మచెక్క పిండితే మొదటిరోజు తాజాదనం తిరిగొస్తుంది.