క్వీన్స్‌లో గిఫ్టెడ్ తరగతులు ఉంటాయా, పోతాయా?

మియాపూర్ నుంచి:
అందరికీ నమస్కారం. మావారి ఉద్యోగరీత్యా జూన్‌లో న్యూయార్క్‌లోని క్వీన్స్‌కు వెళ్తున్నాము. మా అమ్మాయి అక్కడ రెండో తరగతిలో చేరాలి. ప్రభుత్వ బడుల్లో ప్రతిభగల పిల్లలకు విడిగా నడిపే గిఫ్టెడ్ తరగతులను ఎత్తివేస్తున్నారని విన్నాము. నిజమేనా?

నల్లగండ్ల నుంచి:
అమ్మా, పదకొండేళ్లు క్వీన్స్‌లో ఉండి తిరిగి వచ్చినవాణ్ణి కనుక చనువుగా చెబుతున్నాను. మీరు విన్నది సగమే నిజం. 2021లో మేయర్ డి బ్లాసియో నాలుగేళ్ల పిల్లలకు పెట్టే పరీక్షను తప్పుపట్టి గిఫ్టెడ్ విధానాన్నే దశలవారీగా తీసివేస్తామని ప్రకటిస్తే, తరువాత వచ్చిన ఎరిక్ ఆడమ్స్ 2022లో దానిని నిలబెట్టడమే కాక కిండర్‌గార్టెన్‌లో 100, మూడో తరగతిలో 1,000 సీట్లు పెంచారు. 2025లో మేయర్‌గా గెలిచిన మమ్దానీ గారు ఆ ఎన్నికల ప్రచారంలోనే కిండర్‌గార్టెన్ గిఫ్టెడ్ ప్రవేశాలకు స్వస్తి చెబుతానన్నారు. మీ అమ్మాయి ఆ మెట్టు ఎలాగూ దాటింది. ఆమెకు పనికొచ్చేది మూడో తరగతి ప్రవేశం. దానికి రెండో తరగతి మార్కులు చూస్తారు కాబట్టి బడి తెరిచిన రోజు నుంచే ఆమె తరగతిలో ఉండాలి.

అందుకు చిరునామా రుజువు కావాలి. మేము దెబ్బతిన్నది అక్కడే. ఇంటి యజమాని అద్దె ఒప్పందంలో ఫ్లాటు నంబరు 3డికి బదులు 3బి అని రాశాడు. కరెంటు బిల్లులో 3డి ఉంది. గుమాస్తా ఆ రెండు అక్షరాల చుట్టూ ఎర్ర పెన్సిలుతో సున్నాలు చుట్టి కాగితాలు వెనక్కి తోసింది. యజమాని ఫ్లోరిడాలో ఉన్నాడు, ఫోను ఎత్తలేదు. ఎట్టకేలకు వచ్చి, తన తప్పు దిద్దడానికి మమ్మల్నే రుసుము అడిగాడు. మావాడు పంతొమ్మిది రోజులు కిటికీలోంచి బడి బస్సును చూస్తూ గడిపాడు.

డల్లాస్ నుంచి:
ఈ తలనొప్పి ఎందుకు? ప్రతిభావంతులైన పిల్లలను తప్పనిసరిగా గుర్తించి బోధించాలని ఆదేశించే కేంద్ర చట్టం అమెరికాలో లేదు. 1988 నాటి జావిట్స్ చట్టం నిధులు మాత్రమే ఇస్తుంది. మా టెక్సాస్‌లో అయితే బడులను నడిపే ప్రతి స్కూల్ డిస్ట్రిక్టూ ఆ పని చేయాలని రాష్ట్ర చట్టమే ఉంది. వీలైతే ఉద్యోగాన్ని ఇటు మార్పించుకోండి.

నల్లగండ్ల నుంచి:
ఆవిడ అడిగింది క్వీన్స్ సంగతి.

వర్జీనియా నుంచి:
పసిపిల్లల పరీక్ష పోతే పోనీయండి, పెద్దవాళ్లకైనా మిగలాలి కదా. మా ఫెయిర్‌ఫాక్స్‌లో థామస్ జెఫర్సన్ హైస్కూలుకు 2020లో ప్రవేశ పరీక్షను తీసివేసి, ఒక్కో మిడిల్ స్కూలు నుంచి ఎనిమిదో తరగతిలో 1.5 శాతం మందికి చోటు కేటాయించారు. తల్లిదండ్రులు కోర్టుకెక్కినా 2024లో సుప్రీంకోర్టు విచారణకు తీసుకోలేదు. పరీక్ష లేకపోతే మనవాళ్ల కష్టానికి కొలమానం ఏది?

నల్లగండ్ల నుంచి:
కూకట్‌పల్లిలో ఆరో తరగతి పిల్లలు ఐఐటీ ఫౌండేషన్ సంచులు మోస్తుంటే రోజూ చూస్తున్నాను, అది కష్టానికి కొలమానమో ఫీజుకు కొలమానమో నాకు బోధపడదు. అయినా న్యూయార్క్‌లో స్టైవెసంట్, బ్రాంక్స్ సైన్స్, బ్రూక్లిన్ టెక్ హైస్కూళ్ల ప్రవేశ పరీక్షను 1971 నాటి రాష్ట్ర చట్టం కాపాడుతోంది. దానిని మార్చడం మేయర్ చేతిలో లేదు.

మియాపూర్ నుంచి:
ధన్యవాదాలండీ. యజమాని పంపిన ఒప్పందం నకలు తీసి చూశాను. మా ఫ్లాటు నంబరు ఉండాల్సిన చోట ఖాళీగా ఉంది. ఈ రాత్రికే ఆయనకు రాస్తాను.