కొడైకెనాల్‌లో రెండు రోజులు: పాయింట్లన్నీ తిరగాలా, చెరువు గట్టునే కూర్చోవాలా?

చెన్నై కోడలు:
ఇంట్లో పంచాయితీ తెగడం లేదు, మీరైనా తీర్పు చెప్పండి. వచ్చే నెల ఒక శని, ఆదివారాలు కొడైకెనాల్ వెళుతున్నాం. నేను, మా వారు, పదేళ్ల పాప, నెల్లూరు నుంచి వచ్చే మా అత్తయ్య. ఆవిడకు 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పి. శుక్రవారం రాత్రి ఎగ్మోరులో పాండ్యన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారుజామున కొడై రోడ్డు స్టేషనులో దిగుతాం. అక్కడి నుంచి కొండ మీదికి 80 కిలోమీటర్లు. గది చేరి ముఖం కడుక్కునేసరికి పది. ఆదివారం సాయంత్రం అయిదుకల్లా కొండ దిగడం మొదలుపెట్టకపోతే రాత్రి రైలు అందదు. లెక్కేస్తే చేతిలో ఉన్నది 31 గంటలు, అందులో ఒక రాత్రి నిద్ర.
మా ఆడపడుచు భర్త, అన్నయ్యగారు, పన్నెండు పాయింట్ల జాబితా పంపారు. పిల్లర్ రాక్స్, గుణ గుహ, పైన్ అడవి, కోకర్స్ వాక్, బ్రయంట్ పార్కు, పూంబారై, చివర్లో 'వీలైతే బెరిజాం చెరువు'. ఏ పాయింటుకు ఎన్ని నిమిషాలో కూడా రాశారు. నాకేమో ఒక్కటే కోరిక, ఆ చెరువు పక్కన ఏమీ చేయకుండా కూర్చోవాలని. అది డబ్బు దండగ అని మా వారు అంటున్నారు.

రెండో గేరు:
మీ కోరికకే నా ఓటు. మూడేళ్ల కిందట నేనూ ఇలాంటి జాబితా పట్టుకునే వెళ్లాను. పిల్లర్ రాక్స్ దగ్గరికి మధ్యాహ్నం మూడింటికి చేరాం. నిలువునా 400 అడుగుల బండలు మూడు ఉంటాయట. మాకు కనిపించింది తెల్లటి గోడ. టికెట్టు కొని, కటకటాలు పట్టుకుని, మంచుకేసి అరగంట చూశాం. మా బావమరిది ఆ మంచునే ఫోటో తీశాడు. ఆ ఫోటో ఇప్పటికీ ఇంట్లో నవ్వులాట. అసలు బాధ అది కాదు, ఆ రోజు కారులో కూర్చున్న సమయం కారు దిగిన సమయం కంటే ఎక్కువ. మా పాప మూడో పాయింటు దగ్గర దిగనని మొరాయించింది.

పాత బడిపంతులు:
అమ్మా, నేను ఒప్పుకోను. 'తీరిగ్గా కూర్చోవడం' అనేది మళ్లీ వెళ్లగలిగే వారి మాట. మా అమ్మను కొడైకెనాల్ తీసుకువెళ్లినప్పుడు నేనూ ఇలాగే, రెండు రోజులూ చెరువు చుట్టూ తిప్పి, మిగతావి వచ్చేసారి చూద్దామన్నాను. ఆ వచ్చేసారి రాలేదు. 2018లో కురింజి పూసినప్పుడు నేనొక్కడినే వెళ్లాను. పన్నెండేళ్లకు ఒకసారి పూసే పువ్వు, మళ్లీ 2030లోనే. 68 ఏళ్ల మనిషికి 'మళ్లీ వద్దాం' అని ఎవరు చెప్పగలరు? పన్నెండు కాకపోయినా ఆరు చూపించండి. చెరువులు మన నెల్లూరు జిల్లాలో లేవా?

హోసూరు వాసి:
రెండు రోజులకు కొడైకెనాల్ ఎందుకండీ? ఏర్కాడు వెళ్లండి. సేలంలో రైలు దిగితే గంట, గంటన్నరలో పైన ఉంటారు. ఇరవై హెయిర్‌పిన్ మలుపులు, కాఫీ తోటలు, ఊరి నడుమ చెరువు. పేరులోనే ఏరి అంటే చెరువు, కాడు అంటే అడవి. చూడవలసినవి తక్కువ కాబట్టి జాబితా గొడవే ఉండదు.

చెన్నై కోడలు:
రైలు టికెట్లు, గది అన్నీ అయిపోయాయండీ. ఏర్కాడు ఇంకోసారి.

కావలి కారు:
మీ తగువులో అసలు సంగతి ఎవరూ చెప్పడం లేదు. మీ అన్నయ్యగారు సొంత కారులో వచ్చి కలుస్తానంటే ముందుగా ఇ-పాస్, అంటే కొండ మీదికి బండికి ఆన్‌లైన్ అనుమతి, తీసుకోమనండి. మద్రాసు హైకోర్టు ఉత్తర్వుతో 2024 మే 7 నుంచి తప్పనిసరి చేశారు. 2025 వేసవిలో అయితే వారాంతాల్లో రోజుకు 6,000 వాహనాలు, మామూలు రోజుల్లో 4,000 అని పరిమితి కూడా పెట్టారు. ప్రభుత్వ బస్సుకు ఈ బెడద లేదు. అయిదు లీటర్ల లోపు ప్లాస్టిక్ నీళ్ల సీసాలు కొండ మీదికి తీసుకువెళ్లకూడదు, ఇంటి నుంచి స్టీలు సీసా పట్టుకెళ్లండి.
ఇన్ని ఆంక్షలు ఎందుకు వచ్చాయి? అందరూ అదే శనివారం అవే పన్నెండు పాయింట్లకు వెళ్లబట్టే కదా. జాబితా రాసిన వారు దీనికి సమాధానం చెప్పాలి.

పాత బడిపంతులు:
జనం ఎక్కువైతే ముసలివాళ్లు చూడడం మానుకోవాలా? ఇదెక్కడి న్యాయం?

రెండో గేరు:
మాస్టారూ, కోపం వద్దు. మీ అమ్మగారి మాట చదివి నేనూ కాసేపు ఏమీ రాయలేకపోయాను. కానీ ఒక్క సంగతి. మీరు 'చెరువులు లేవా' అన్న ఆ చెరువు దానంతట అది పుట్టింది కాదు. 1863లో మదురై కలెక్టరు లెవింజ్ అక్కడి వాగులకు కట్ట వేయించి నింపాడు. మొదటి పడవను తూత్తుకుడి నుంచి తెప్పించాడట. ఎండలకు తాళలేక పైకి వచ్చిన మనిషి తీరిక కోసం చేయించిన నీళ్లవి. దాన్ని కారు అద్దంలోంచి చూసి పిల్లర్ రాక్స్‌కు పరుగెత్తడం నాకు సబబుగా తోచదు.
పొద్దున ఆరున్నరకు వెళ్లి చూడండి. నీళ్ల మీద ఆవిరి జానెడు ఎత్తున కదులుతుంటుంది, అవతలి గట్టు కనిపించదు, అద్దె సైకిళ్ల గంటలు మాత్రం వినిపిస్తాయి. టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటే తప్ప వేళ్లు వంగవు. చుట్టూ అయిదు కిలోమీటర్ల బాట, ఎక్కడ కావాలంటే అక్కడ కూర్చోవచ్చు.

పాత బడిపంతులు:
బాగా రాశారు. అయినా నా మాట నాదే. కోకర్స్ వాక్ కిలోమీటరే. లోయ అంచున నడక. పొద్దున్నే మంచు కమ్మకముందు తీసుకువెళ్లండి. 1872 నాటి బాట, మోకాళ్లు నొప్పిగా ఉంటే సగంలో వెనక్కి తిరగవచ్చు. అది కూడా చూపించకపోతే అన్యాయం.

రెండో గేరు:
కోకర్స్ వాక్ వరకు ఒప్పుకుంటాను. గుణ గుహకు మాత్రం ఒప్పుకోను. మెట్లు, వేళ్లు, గుంపు. మోకాళ్లకు శిక్ష.

తిరుపతి కొండ:
మధ్యలో దూరినందుకు ఏమీ అనుకోకండి. ఇంతమంది ఇంత రాశారు. ఇంతకీ అత్తయ్యగారిని అడిగారా?

చెన్నై కోడలు:
నిజం చెబుతున్నాను, అడగలేదు. ఇప్పుడే ఫోను చేశాను. రాళ్లూ గుహలూ ఆవిడకు అక్కరలేదట. "ఘాట్ రోడ్డులో నాకు తిప్పుతుంది, నిమ్మకాయ మరిచిపోకు. మళ్లీ మళ్లీ కారు ఎక్కించవద్దు" అన్నారు. కూర్చోవడానికి బెంచీ ఉందా అని రెండుసార్లు అడిగారు.
నేను గెలిచాననుకునే లోపు ఇంకో మాట అన్నారు. కొడైకెనాల్ కొండ వెల్లుల్లి 2019లో భౌగోళిక గుర్తింపు పొందిందని ఎప్పుడో పేపర్లో చదివారట. దాన్ని పండించే ఊరు చూడాలట. "పూంబారై అంట, ఎంతసేపు?" చెరువు నుంచి 18 కిలోమీటర్లు, అదీ మలుపుల దారి. మళ్లీ మళ్లీ కారు వద్దన్న మనిషే! అన్నయ్యగారి జాబితాలో అది తొమ్మిదో నంబరు. ఆయనకు ఈ సంగతి ఇంకా చెప్పలేదు.
ప్రస్తుతానికి అనుకున్నది ఇది. శనివారమంతా చెరువు, ఆదివారం పొద్దున్నే కోకర్స్ వాక్, తరవాత పూంబారై. మిగతావన్నీ కొట్టేశాం.

పాత బడిపంతులు:
పన్నెండులో రెండు! సరే, ఏమీ లేనిదానికి అదే నయం.

కావలి కారు:
వెల్లుల్లి మాకూ ఒక కిలో తెండి. డబ్బులు పంపిస్తాను. గుడ్డ సంచి పట్టుకెళ్లండి.