డిజైన్ గ్రూపులో డిజైనర్లు తప్ప ఎవరూ నిలవట్లేదు, ఏం చేయాలి?

గీతలు_రంగులు:
అందరికీ నమస్తే. యాప్‌ల స్క్రీన్లు డిజైన్ చేసే కొంతమంది యూఐ డిజైనర్లం, ఆర్కిటెక్చర్ విద్యార్థులం కలిసి టెలిగ్రామ్‌లో ఒక తెలుగు గ్రూపు నడుపుతున్నాం. చూపు లేనివాళ్లు వాడగలిగే యాప్, వీల్‌చైర్ వెళ్లగలిగే బస్టాండు, పెద్దగా చదువుకోని ఆమె కూడా ఎవరి సాయం లేకుండా నింపుకోగలిగే ఫారం, ఇలాంటివే మా చర్చలన్నీ. 2015లో డెట్రాయిట్‌లో మొదలైన డిజైన్ జస్టిస్ సూత్రాలే మాకు ఆధారం. ఒక డిజైన్ వల్ల ఎవరి బతుకు మీద నేరుగా ప్రభావం పడుతుందో వాళ్ల మాటే ముందుండాలి అన్నది అందులో ముఖ్యమైనది. తీరా చూస్తే ఆ మనుషులే మా దగ్గర ఉండట్లేదు. చేరతారు, కొన్నాళ్లు చూస్తారు, వెళ్లిపోతారు. ఇక్కడ ఎవరూ దురుసుగా మాట్లాడరు, ఏదడిగినా ఓపిగ్గానే చెప్తారు. మరి ఎక్కడ తేడా కొడుతోంది?

టాక్‌బ్యాక్_తెలుగు:
నాకు చూపు లేదండి. తెర మీద ఉన్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్లు, ఫోన్‌లో టాక్‌బ్యాక్, కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏ వాడతాను. ఇలాంటి గ్రూపుల్లో ఒకరు స్క్రీన్‌షాట్ పెట్టి "ఎలా ఉంది" అని అడుగుతారు. నాకు "ఫొటో" అన్న ఒక్క మాటే వినిపిస్తుంది. కింద అందరూ దాని గురించే గంటసేపు మాట్లాడుకుంటారు, నేను ఏమని కలగజేసుకోను? ఇక పీడీఎఫ్‌లు. అను ఫాంట్లలో కొట్టిన తెలుగు కంటికి తెలుగులాగే కనిపిస్తుంది కానీ లోపల ఉండేవి ఇంగ్లిష్ అక్షరాలు, ఏవేవో గుర్తులు, స్క్రీన్ రీడర్ వాటినే చదువుకుంటూ పోతుంది, ఒక్క ముక్క అర్థం కాదు. దయచేసి యూనికోడ్‌లో, అంటే లోపల కూడా తెలుగు అక్షరాలే ఉండే పద్ధతిలో పెట్టండి.

ఫొటో కింద రెండు వాక్యాలు రాస్తే చాలు. "లాగిన్ పేజీ. పైన ఫోన్ నంబరు గడి, కింద లేత బూడిద రంగు బటన్, దాని మీద తెల్ల అక్షరాలు." ఇంత రాస్తే నేను చర్చలోకి రాగలను. పైగా అలా రాస్తున్నప్పుడే, లేత బూడిద మీద తెల్ల అక్షరాలు వయసు మళ్లిన కళ్లకు ఆనవని రాసేవాళ్లకే తడుతుంది.

ర్యాంపు_ఎక్కడ:
నేను వీల్‌చైర్‌లో తిరిగే మనిషిని. నా అభిప్రాయంలో అసలు సమస్య మీరు పిలిచే సమయం. అంతా గీసేశాక "ఒకసారి చూసి చెప్పండి మేడమ్" అని పిలుస్తారు, అప్పుడు నేను చెప్పగలిగేది బాగుందనో బాలేదనో మాత్రమే. మన ఊళ్లలో షాపుల ముందు కనిపించే ర్యాంపులు చాలావరకు బండి ఎక్కించుకోవడానికి పోసినవి. వీల్‌చైర్‌కి 1:12 వాలు కావాలి, అంటే 6 అంగుళాల మెట్టుకి 6 అడుగుల ర్యాంపు. ఆ స్థలం మొదటి గీతలోనే వదిలిపెట్టాలి, కట్టాక దొరకదు.

బ్యాంకుల ఈ-కేవైసీ, అంటే మనం ఎవరో ఆన్‌లైన్‌లో సరిచూసుకునే పద్ధతి, దాని సంగతీ అంతే. కెమెరా ముందు కళ్లు ఆర్పమంటుంది. యాసిడ్ దాడిలో కళ్లూ రెప్పలూ దెబ్బతిన్నవాళ్లు ఎలా ఆర్పుతారు? దాని మీద సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది, డిజిటల్ సేవలు అందుకోవడం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనని 2025 ఏప్రిల్ 30న తీర్పు వచ్చింది. ఆ స్క్రీన్ ఎలా ఉండాలని అనుకుంటున్న రోజునే వాళ్లను అడిగి ఉంటే ఈ కోర్టుల చుట్టూ తిరగడం ఉండేది కాదు కదా.

ఇంకో మాట, డబ్బు. మీ డిజైనర్‌కి గంటకింత అని లెక్క కడతారు. మేం మా అనుభవం చెప్పడానికి వస్తే టీ ఇచ్చి థాంక్స్ చెప్తారు. ప్రాజెక్టులో డబ్బు ఉంటే మాకూ ఇవ్వండి, లేకపోతే లేదని ముందే చెప్పండి.

గీతలు_రంగులు:
ఇద్దరికీ చాలా థాంక్స్. ఒక చిక్కు ఉంది. మా గ్రూపులో కుట్టుపని చేసే అక్కలు కొందరున్నారు, వాళ్లు టైప్ చేయరు, వాయిస్ మెసేజ్‌లే పెడతారు. వినపడనివాళ్లకి అవి పనికిరావు. ఒకరికి తలుపు తీస్తే ఇంకొకరికి మూసినట్టు అవుతోంది.

చేతి_భాష:
మా చెల్లికి వినపడదు, అందుకని చెప్తున్నా అన్నా. వాయిస్ ఆపేయొద్దు. ప్రతి వాయిస్ కిందా దాని సారాంశం మూడు నాలుగు వాక్యాల్లో టైప్ చేసే పని మీ డిజైనర్లు వంతులవారీగా తీసుకోండి, అక్కల మీద వేయకండి. అలాగే టైప్ చేసిన ముఖ్యమైన పోస్టుల్ని ఎవరైనా చదివి వాయిస్‌గా పెట్టండి. మా చెల్లికి మొదటి భాష సైగలే, తెలుగు తర్వాత నేర్చుకుంది. కాబట్టి వాక్యాలు చిన్నవిగా ఉంటే తనలాంటివాళ్లు నిలుస్తారు. తను సైగలతో వీడియో పెడితే "రాసి పెట్టమ్మా" అని మాత్రం అనకండి. ఆ సైగలు తెలిసినవాళ్లని ఒకరిని వెతికి పెట్టుకోండి.

టాక్‌బ్యాక్_తెలుగు:
చేతి_భాష చెప్పినది నాకూ పనికొస్తుంది. గీతలు_రంగులు గారూ, మీ గ్రూపు నియమాలు పోస్టర్‌లా ఫొటోగా పెట్టి ఉంటే ముందు దాన్ని టెక్స్ట్‌గా మార్చండి. మార్చాక లింకు ఇవ్వండి, చేరతాను.