ఫ్లైట్ లేటైతే ఎయిర్‌పోర్ట్ బస్సు ఆగాలా, టైముకే కదలాలా?

మలిబస్సు:
రోజుకు నాలుగైదు ఫ్లైట్లు మాత్రమే దిగే చిన్న ఎయిర్‌పోర్టుల సంగతి ఇది. పెద్దవాటిలో ఒక బస్సు పోతే కాసేపట్లో ఇంకొకటి వస్తుంది, అక్కడ ఈ గొడవే లేదు. చిన్నచోట ఫ్లైటుకో బస్సు, అదీ ఉంటే. ఫ్లైట్ 40 నిమిషాలు లేటైతే బస్సు టైము ప్రకారం ఖాళీగా వెళ్లిపోతుంది. ఆ తర్వాత ఏటీఆర్ 72 లాంటి విమానం దిగితే 70 మంది దాకా ఒక్కసారిగా బయటికొస్తారు, చూస్తే నాలుగు టాక్సీలు. అవి నిండాక మిగిలినవాళ్ల గతేమిటి?

ఫ్లైట్ కోసం వేసిన బస్సు ఫ్లైట్ కోసం ఆగాల్సిందే. పారిస్‌కు సుమారు 80 కిలోమీటర్ల దూరంలో బోవే ఎయిర్‌పోర్ట్ ఉంది. అక్కడ పారిస్ బస్సుల టైములు ఫ్లైట్ల రాకను బట్టే వేస్తారు.

ఇంకో మాట. బస్సును నమ్మలేనివాళ్లు ఇంట్లోవాళ్లను కారు తెమ్మంటారు. దించడానికి ఒక రానుపోను, తీసుకెళ్లడానికి మరో రానుపోను. ఒక మనిషి వెళ్లి రావడానికి కారు నాలుగుసార్లు ఆ రోడ్డెక్కుతుంది, అందులో రెండుసార్లు ప్రయాణికుడు లేకుండానే.

డిపోగేటు:
బస్సులు నడిపించే పనిలో ఉన్నవాడిగా చెబుతున్నాను. ఎయిర్‌పోర్టులో ఆగిన బస్సు మీకు కనిపిస్తుంది, దాని తర్వాతి ట్రిప్పు మీకు కనిపించదు. అదే బస్సు ఊళ్లోకి వెళ్లి, తిరుగు ట్రిప్పులో ఫ్లైట్ ఎక్కాల్సినవాళ్లను తేవాలి. ఇక్కడ 40 నిమిషాలు ఆపితే అక్కడ వాళ్లు 40 నిమిషాలు రోడ్డు మీదే. చెకిన్ కౌంటర్ బయల్దేరే టైముకు ముప్పావుగంట, గంట ముందే మూసేస్తారు. దిగినవాడు ఆలస్యంగా ఇల్లు చేరతాడు, ఎక్కాల్సినవాడికి ఫ్లైటే పోతుంది. రెండూ ఒకటి కాదు కదా.

మలిబస్సు:
చిన్న ఎయిర్‌పోర్టులో చాలావరకు దిగిన విమానమే అరగంటలో తిరిగి లేస్తుంది. వచ్చేది లేటైతే వెళ్లేదీ లేటే. మరి వాళ్లకు ఫ్లైట్ ఎలా పోతుంది?

డిపోగేటు:
విమానం లేటైనంత మాత్రాన కౌంటర్ కూడా లేటుగా మూస్తారని ఎవరూ మాటివ్వరు. పాత టైముకే మూసేయొచ్చు. పైగా ఆ ట్రిప్పులో ఉన్నవాళ్లంతా ఆ ఫ్లైటుకే వెళ్తున్నారా? వేరే కంపెనీ ఫ్లైట్ సరిగ్గా టైముకే ఉండొచ్చు.

నైట్‌షిఫ్ట్:
ఇంతసేపూ ఎక్కేవాళ్లు, దిగేవాళ్లు. ఎయిర్‌పోర్టులో పనిచేసేవాళ్లం మేమూ ఉన్నామండీ. సెక్యూరిటీ, సామాను దించేవాళ్లు, ఊడ్చేవాళ్లు, క్యాంటీన్‌వాళ్లు. ప్రయాణికులు ఎప్పుడో ఒకసారి ఆ బస్సెక్కుతారు, మేము రోజూ ఎక్కుతాం. షిఫ్ట్ దిగాక ఎవరిదో ఫ్లైట్ రాలేదని బస్సులో కూర్చోబెడితే ఆ గంట మాకు జీతంలో రాదు.

దారిలో స్టాపుల్లో నిలబడ్డవాళ్ల మాట ఇంకా అన్యాయం. టెర్మినల్లో ఉన్నవాళ్లకు బోర్డు మీద లేటు కనిపిస్తుంది. రోడ్డు పక్కన వానలో చంటిపిల్లతో నిలబడ్డ మనిషికి ఏం కనిపిస్తుంది? బస్సు వస్తుందో, వెళ్లిపోయిందో కూడా తెలియదు. టైముకు రాదని రెండుసార్లు తేలితే మూడోసారి వాళ్లు ఆ బస్సును లెక్కలోంచే తీసేస్తారు.

పటంపిచ్చి:
రూటును రెండు ముక్కలు చేస్తే ఈ తగవు చాలావరకు తీరుతుంది. నార్వేలో టోర్ప్ ఎయిర్‌పోర్టుకు రైల్వే స్టేషన్ ఉంది కానీ టెర్మినల్‌ను ఆనుకొని లేదు. మధ్యలో షటిల్ బస్సు తిరుగుతుంది. పొడుగు దారి రైలుది, అది టైముకే పోతుంది. ఆగాల్సి వస్తే పొట్టి దారి బండి ఆగుతుంది, దానివల్ల ఊరంతా ఆలస్యం కాదు. స్కాట్లాండ్‌లో ఇన్వర్‌నెస్ ఎయిర్‌పోర్టుకు 2023 ఫిబ్రవరిలో స్టేషన్ తెరిచారు, పాత రైలు మార్గం మీదే. రైలు లేనిచోట హైవే మీద వెళ్లే మామూలు బస్సులున్నా చాలు, జంక్షన్ దాకా ఒక వ్యాన్ వేస్తే సరిపోతుంది.

డిపోగేటు:
పెద్ద సూట్‌కేసులతో, ముసలివాళ్లతో రెండు బండ్లు మారమంటే ఎంతమంది మారతారు? పగలు సరే, రాత్రి జంక్షన్‌లో దింపేస్తే అక్కడి నుంచి ఏముంటుంది?

లేటు అంటున్నారు గానీ ఇంకొకటి చూడండి. ఎయిర్‌లైన్ టైంటేబుళ్లు ఏటా మార్చి చివరి ఆదివారం, అక్టోబర్ చివరి ఆదివారం మారతాయి. బస్సు కాగితం మాత్రం పాతదే అంటించి ఉంటుంది. ఫ్లైట్ టైముకే దిగినా బస్సు అందకపోవడానికి ఇదే కారణం కావచ్చు. ముందు అది సరిచేయమని అడగండి, దానికి ఎవరూ ఎవరికోసం ఆగనక్కర్లేదు.

మలిబస్సు:
అది తప్పకుండా అడగాలి. కానీ ఆఖరి ఫ్లైట్ సంగతి దాంతో తేలదు. ఆఖరి బస్సుకు తర్వాతి ట్రిప్పు లేదు, మీరన్న నష్టం దానికి వర్తించదు. ఆ బస్సు విమానం దిగేదాకా, బెల్టు మీద లగేజీ వచ్చేదాకా ఆగాలి. డ్రైవర్ డ్యూటీ టైము దాటితే, టికెట్ కొన్నవాళ్లందరినీ ఆ టికెట్ మీదే షేరింగ్ టాక్సీల్లో పంపాలి.

ఖర్చు ఎవరిదంటారా? ఎయిర్‌పోర్టుది. పార్కింగ్ ఫీజు దానికి పెద్ద ఆదాయం. బస్సు బాగా నడిస్తే ఆ ఆదాయం తగ్గుతుంది కాబట్టి దానంతట అది ముందుకు రాదు. అడగాల్సింది మనమే. నిరీక్షణ ఖర్చు బస్సువాళ్ల నెత్తిన వేస్తే మొదట రద్దయ్యేది ఆ ఆఖరి ట్రిప్పే.

డిపోగేటు:
ఆఖరి ట్రిప్పుకైతే, డబ్బు ఎయిర్‌పోర్ట్ ఇచ్చేట్టయితే, నాకు అభ్యంతరం లేదు. డ్రైవర్‌కు ఆగిన ప్రతి నిమిషానికీ ఓవర్‌టైమ్ రాసిమ్మనండి. నోటిమాట ఒప్పందాలు వద్దు.

నైట్‌షిఫ్ట్:
నాదో షరతు. ఆఖరి బస్సు ఆగుతుందంటే ఆ సంగతి దారిలో స్టాపులన్నిటికీ మెసేజ్‌గానో, బోర్డు మీదో తెలియాలి. మిగతా ట్రిప్పులు టైముకే కదలాలి. ఇంకా ఎవరూ మాట్లాడనిది ఒకటుంది: ఫ్లైట్ క్యాన్సిలైన రాత్రి. ప్రయాణికులు లేరని ఆ ట్రిప్పు రద్దు చేస్తారు. మేము అక్కడే ఉంటాం, ఇంటికి మాకు ఆ బస్సే దిక్కు. ఆ రాత్రి కూడా అది నడవాలని ఒప్పందంలో రాస్తారా?